ఆగమ్మ పొట్టి ప్రార్థన

మధ్యాహ్నం నమాజు ముగిసి, మసీదు మెట్ల మీది చెప్పులు ఎవరివి వాళ్ళు తొడుక్కుని వెళ్ళిపోయాక, యాకుత్‌పురా స్టేషను వెనక గల్లీ కాసేపు కునుకు తీసేది. మేకలు గోడ నీడన మోకాళ్ళు మడిచేవి. పాన్ డబ్బా అతను తడిగుడ్డ కప్పిన తమలపాకుల పక్కనే తల వాల్చేవాడు. ఫలక్‌నుమా పోయే చిన్న లైను బండి వెళ్ళిపోయినా దాని పొగ మాత్రం వెళ్ళేది కాదు. పెంకుల మీద తచ్చాడి, ఆరేసిన బట్టల్లో ఇరుక్కుని, చివరికి ఆగమ్మ ఇంట్లో దిగేది. పెంకుల సందుల్లోంచి పడే వెలుగు కడ్డీలు ఆ పొగలో నిలబడి ఉండేవి. వాటి కింద, నేల నిండా పరిచిన బొంత మీదే కూర్చుని, ఆగమ్మ ఆ బొంతను కుడుతూ ఉండేది.

పాత చీర ఒకటి కింద, ఒకటి పైన. నడుమ చిరిగిన చొక్కాలు, లుంగీలు, పిల్లల గౌన్లు. అంచు దగ్గర మొదలైన దారం నాలుగు వైపులా చుట్టుకుంటూ నడిమికి చేరితే బొంత అయినట్టు. ఈ పని ఆ గల్లీలో చాలామంది ఆడవాళ్ళకు వచ్చు. ఆగమ్మకు అదనంగా ఒక పిచ్చి ఉండేది. కుట్టమని తెచ్చిన పాత బట్టల మూట విప్పగానే ఒక్కొక్క గుడ్డా ఎత్తి పట్టుకుని అడిగేది.

"గిది ఎవలది?"

"ఎవలదైతేంది ఆగమ్మా, కుట్టరాదు!"

"ఎవలదో తెల్వకుంటే సూది దిగదు. జెప్పు."

చెప్పేవాళ్ళు. ఇది మా అత్తది, పోయినేడు పోయింది. ఇది మా పెద్దోనిది, ప్రెస్సుల అక్షరాలు పేరుస్తడు, గా మసి ఎంత ఉతికినా పోదు. ఆగమ్మ తలూపి గుడ్డను ఒళ్ళో పెట్టుకునేది. ఇక మధ్యాహ్నాలన్నీ ఆ మనుషులతోనే గడిచేవి. సూది అత్త చీరలో దిగినంతసేపూ అత్త గురించి, పెద్దోడి చొక్కా దగ్గరికి వచ్చాక పెద్దోడి గురించి, దేవుడితో మాట్లాడుకునేది. పెదవులు కదిలేవి, మాట బయటికి వినిపించేది కాదు. ఆ మాటల్లో 'కృపగల తండ్రీ' ఉండేది కాదు, 'స్తోత్రం' ఉండేది కాదు. పక్కింటామెతో గోడ మీదుగా మాట్లాడినట్టు ఉండేది. గీ పోరని దగ్గు జర సూడరాదు. గీ ముసలమ్మ ఆడ మంచిగున్నదా? అంతవరకే.

ఒక్కోరోజు వెలుగు కడ్డీ నేల మీద జరిగి జరిగి గోడెక్కిపోయేది. తను ఎంతసేపు కుట్టిందో ఆగమ్మకు తెలిసేది కాదు. సూది తనంతట తనే మునిగి లేస్తున్నట్టు, కింద బొంత మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు ఉండేది. గదిలో ఇంకొకరు ఉన్నారన్నది ఆమెకు నమ్మకమూ కాదు, అనుమానమూ కాదు. పొయ్యి ఫలానా మూల ఉంది అన్నంత మామూలు సంగతి.

ఆ సంగతే ఒకనాటికి లేకుండా పోయింది. దాని కోసం ఆమె పడిన తిప్పలే ఈ కథ.

పోవడానికి ముందు పేరు వచ్చింది. రైలు కట్టకు అవతల, దబీర్‌పురాలో ఉండే సుందరమ్మ సర్కారు కాన్పుల దవాఖానాలో ఆయా. ఆగమ్మ వెళ్ళే చర్చి సంఘంలో అందరికంటే గట్టి గొంతు ఆమెది. అరవైల చివర్లో ఆమె కూతురు రాహేలుకు విషజ్వరం పట్టుకుంది. బొంత ఇవ్వడానికి వెళ్ళిన ఆగమ్మ మంచం పక్కన కూర్చుని, పిల్ల గౌను అంచు పట్టుకుని, తన ధోరణిలో నాలుగు మాటలు గొణిగింది. తెల్లారేసరికి జ్వరం దిగింది. జ్వరాలు ఎక్కుతాయి, దిగుతాయి. దిగేముందు మంచం పక్కన ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. ఈ లెక్క సుందరమ్మకు పట్టలేదు. ఆ ఆదివారమే లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. ఆ రోజు నుంచి ఆగమ్మ 'ప్రార్థన ఆగమ్మ' అయింది.

అక్కడితో గొణుగుడు పనికిరాకుండా పోయింది. పదిమంది కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నప్పుడు 'పోరని దగ్గు సూడరాదు' అంటే బాగుండదు కదా. గుంటూరు వైపు నుంచి వచ్చిన పాస్టరు ప్రకాశం అయ్యగారి భాషను ఆమె చెవి పట్టేసింది. 'మహోన్నతుడవైన', 'అనుగ్రహించుము', 'నీ సన్నిధికి చేరియున్నాము' అన్నీ వచ్చేశాయి. చదువు రాని మనిషి నోట ఆ మాటలు దొర్లుతుంటే స్త్రీల కూడికలో కొంగులు తడిసేవి. పెళ్ళికి ఒక ప్రార్థన, ప్రయాణానికి ఒకటి, పరీక్షలకు ఒకటి, చనిపోయినవాళ్ళ భూస్థాపనకు ఒకటి, వేరువేరుగా అమరిపోయాయి. సైదాబాద్ నుంచి కూడా మనుషులు వచ్చి పిలుచుకుపోయేవారు. ఇంటికొచ్చాక బొంతలు వేగంగా కుట్టాల్సి వచ్చేది. మూట విప్పి, పరిచి, కుట్టడమే. 'గిది ఎవలది' అని అడగడం ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియదు. అందుకే దేవుడు అలిగాడని తేల్చేయడం సులువు. దేవుడి అలకల గురించి అంత గట్టిగా చెప్పగలవాళ్ళు కూడికల్లో కావలసినంతమంది ఉన్నారు కాబట్టి ఆ పని వాళ్ళకే వదిలేద్దాం.

డెబ్బై రెండో ఏడు ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం, దారం తెగి ఆగమ్మ తలెత్తింది. గది ఉంది. పొగ ఉంది. వెలుగు కడ్డీలున్నాయి. ఇంకెవరూ లేరు. అంతా ఉన్నచోటే ఉండగా ఏదో ఒకటి తీసుకుపోయిన దొంగతనంలా ఉంది. ఏం పోయిందో చెప్పుకోవడానికి కూడా రాదు.

అయినా చెప్పుకుంది, భర్త భిక్షపతితో. అతను రైల్వేలో గ్యాంగ్‌మన్. సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడవడం అతని పని.

"నోట్లకెళ్ళి మాటలొస్తున్నయ్. నేను గా మాటల్ల లేను."

భిక్షపతి బీడీ ఆర్పాడు. "మాటలైతే వస్తున్నయ్ గద? మరింకేంది ఫికర్? నేను కట్ట మీద నడుస్తుంటె నా కాళ్ళే నడుస్తయ్. మనసు ఇంట్లనే పండుకుంటది. జీతమేమన్న కోస్తున్నరా?"

"నీ పట్టాలకు అటు దిక్కుకెళ్ళి జవాబిచ్చెటోడు లేడు. నాకు ఉంటుండె."

భిక్షపతి ఇంకో బీడీ ముట్టించుకున్నాడు.

భక్తి ఎండిపోయినవాళ్ళకు చెప్పే మందులు అందరికీ ఒకటే. ఉపవాసం ఉండు, వేకువనే లే, కీర్తనల గ్రంథం చదివించుకుని విను. అయ్యగారూ అవే చెప్పారు. ఆగమ్మ వేళ తప్పకుండా మింగింది. ఉపవాసం వల్ల ఆకలి వేసింది. వేకువన లేవడం వల్ల మధ్యాహ్నం నిద్ర వచ్చింది. ఉజ్జీవ కూటాలకు పోతే అంతా సర్దుకుంటుందన్నారు. మలక్‌పేటలో పందిరి వేశారు. ఎక్కడినుంచో వచ్చిన ప్రసంగీకుడు మైకు పట్టుకుని ఏడ్చాడు. పందిరంతా ఏడ్చింది. ఆగమ్మ ట్యూబులైటు చుట్టూ తిరిగే పురుగులను చూస్తూ కూర్చుంది. అవి తిరిగి తిరిగి అలిసి, వాటి రెక్కలు ఊడి నెమ్మదిగా, నిద్రలో జారినట్టు, ముందు వరస ఆడవాళ్ళ జడల మీద పడుతున్నాయి. ఆ రాలడం చూస్తుంటే మైకు గొంతు ఎక్కడో నీళ్ళ అడుగున మోగుతున్నట్టుంది.

పక్కన కూర్చున్న సుందరమ్మ మోచేత్తో పొడిచింది. "ఏడ్వవేందే?"

"వస్తలేదు."

"జర కండ్లు గట్టిగ మూస్కో, వస్తది."

మూసుకుంది. రాలేదు. సుందరమ్మ జాలిపడి, తన ఏడుపులోనే ఆగమ్మ వంతు కూడా కలిపి ఏడ్చింది.

ఆ మరుసటి చలికాలంలో రాహేలుకు పెళ్ళి కుదిరింది, ప్రధానం పెట్టుకున్నారు. పెళ్ళికొడుకు సైదాబాద్ వాళ్ళ సీమోను, సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరు. ప్రార్థన ఎవరు చెయ్యాలో అడగాల్సిన పనే లేదు. ఆగమ్మ ప్రార్థన చేసి బతికించిన పిల్లాయె. అయితే ఆ వారం బస్తీలో కామెర్లు తిరుగుతున్నాయి. ఆగమ్మ రెండు భూస్థాపనలకు వెళ్ళి వచ్చింది. రెంటిలోనూ అందరూ ఏడ్చేలా ప్రార్థించింది. రెంటిలోనూ తను అక్కడ లేదు.

సుందరమ్మ ఇంట్లో చాపల మీద అటువాళ్ళూ ఇటువాళ్ళూ నిండిపోయారు. అగరొత్తులు వద్దన్నారు కాబట్టి అత్తరు చల్లారు. జరీ చీరలో రాహేలు తల వంచుకుని కూర్చుంది. అత్తరు వాసన, మల్లెల వాసన, మనుషుల వెచ్చదనం కలిసి గది మత్తుగా ఉంది. ఆగమ్మ నిలబడి, ముసుగు సర్దుకుని, కళ్ళు మూసుకుంది. నోరు బయల్దేరింది.

"కృపగల మా పరలోకపు తండ్రీ, ఈ ఇంటి దీపమైన ఈ చిన్నదానిని ఇంతకాలము కాపాడి, నేడు ఈ ఇంటినుండి మరియొక ఇంటికి..."

స్టేషను చివర పట్టాలు రెండుగా చీలతాయి. లీవరు ఎటు లాగి ఉంటే బండి అటే పోతుంది. ఆ వారమంతా లీవరు ఒకేవైపు లాగి ఉంది.

"...మరియొక ఇంటికి, నీవు సిద్ధపరచిన నిత్యనివాసమునకు చేర్చుకొనినందుకై నీకు వందనములు. ఇక ఆమె ముఖమును చూడలేని ఈ తల్లిని ఆదరించుము. ఖాళీ అయిన ఆమె పడకను చూచి కన్నీరు విడుచు వేళ..."

"ఆమేన్," అన్నారు వెనక వరసలో కొందరు, వాక్యం ఆగిన చోటల్లా అనే అలవాటు కొద్దీ.

పెళ్ళికొడుకు నాయనమ్మ రుక్మిణమ్మ కళ్ళు తెరిచి అటూ ఇటూ చూసింది. "ఎవలు సచ్చిండ్రే?" అంది.

ఆగమ్మ కళ్ళు విప్పింది. తన నోరు ఏమందో ఆమెకు తెలియదు, ఎదుటివాళ్ళ ముఖాల్లో చూసి తెలుసుకోవలసి వచ్చింది. రాహేలు తలెత్తి ఆమెనే చూస్తోంది. పూల కింద ఆ పిల్ల ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

శకునాలు నమ్మం అని ప్రతి ఆదివారం చెప్పుకునే మనుషులే అందరూ. ఆ సాయంత్రం ఆ గదిలో శకునం తప్ప ఇంకేమీ మిగల్లేదు. సుందరమ్మ లేచి ఆగమ్మను చెయ్యి పట్టుకుని గడప దాకా తెచ్చింది.

"నా బిడ్డను బతికించినవ్ అనుకున్న. గిప్పుడు నువ్వే పాతిపెడితివి."

"సుందరక్కా, నాకెర్కలేదు, నేను..."

"నీకెర్కలేకుంటనే ఒచ్చెనా గన్ని మాటలు? ఎర్కలేకుంట దేవునితోని మాట్లాడుతవా?"

అంత సూటిగా ఏ ప్రసంగీకుడూ ఆమెను అడిగి ఉండడు.

పెళ్ళి జరిగింది. ఆగమ్మను పిలవలేదు. కూడికల్లో ఇంకెవరో ప్రార్థించసాగారు. సంఘం ఇళ్ళ నుంచి బట్టల మూటలు రావడం కూడా ఆగింది. ఆమె సూది తగిలిన బొంత మీద పడుకోవడానికి జంకు. ఆగమ్మ అయ్యగారి ఇంటికి వెళ్ళి వరండాలో నిలబడింది.

"నన్నింక దేనికి పిలవకుండ్రి అయ్యగారూ. నా నోరు ఉత్తదైంది. శానా దినాలాయె."

ప్రకాశం గారు మంచి మందు ఏదో చెప్పబోయి మానేశారు. "కూర్చో ఆగమ్మా," అన్నారు. తనూ మెట్టు మీద కూర్చున్నారు. "నాకూ అంతేనమ్మా. చాన్నాళ్ళయింది."

ఆగమ్మ అదిరిపడింది. "మీరు ప్రసంగం జేస్తరు గద?"

"నువ్వూ ప్రార్థన చేశావుగా."

"మరి... ఏం జేస్తరు అయ్యగారూ?"

"ఏం చేస్తాను. ఆదివారం వస్తుంది, గంట కొడతారు, వెళ్ళి నిలబడతాను. ఒకవేళ ఆయనే వస్తే, నేను లేకపోతే బాగుండదు కదా."

అమ్మగారు లోపలినుంచి చాయ్ తెచ్చారు. ఇద్దరూ సాసర్లలో పోసుకుని తాగారు. ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు. కానీ ఇంటికి నడిచివస్తుంటే, అంత పెద్ద ఊళ్ళో తనొక్కతే ఖాళీ ఇంటి ముందు కూర్చుని లేదని ఆగమ్మకు తోచింది. దాంతో కొంచెం నిద్ర పట్టింది. ఇంకేమీ మారలేదు.

వానాకాలం వెళ్ళి మళ్ళీ చలి మొదలైంది. పొద్దున్నే మంచు, బొగ్గు పొగ కలిసి గల్లీ చివర ఏముందో కనిపించేది కాదు. అలాంటి ఒక పొద్దున ఆ తెలుపులోంచి, చంకలో మూటతో, జైతున్ బీ వచ్చింది. గల్లీ చివరింటి మనిషి. ఆమె భర్త ఇళ్ళకు సున్నం, రంగులు వేసేవాడు. బక్రీదుకు ముందు చనిపోయాడు.

"ధోనా నక్కో ఆగమ్మా. ఉతకొద్దు. గట్లనే కుట్టు."

ఆగమ్మ మూట అందుకుని విప్పి పక్కన పెట్టింది. దారం వెతకడానికి లేచింది. జైతున్ బీ కదలలేదు.

"ఏంది, అడుగవా?"

"ఏం అడగాలె?"

"అందర్ని అడుగుతుంటివి కదా, ఎవలదని. నా ఇంట్ల ఎప్పుడు బొంత కుట్టియ్యలేదు, కుట్టిస్తే నన్ను అడుగుతవని అనుకునేదాన్ని. అబ్ ఆయీ, తో పూఛ్‌తీచ్ నై. ఇప్పుడొస్తే అడుగనే అడుగవు." ఆమె గొంతు కోపంగానే ఉంది. కళ్ళు మాత్రం వేరేగా ఉన్నాయి.

ఆగమ్మ దారం వెతకడం మానేసింది. తర్వాత వచ్చి కూర్చుంది. పైనున్న చొక్కా రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. "గిది ఎవలది?" అంది. ఆ మాట నోట్లో తుప్పు పట్టిన గడియలా కదిలింది.

"మా ఆయనది. చాంద్ పాషాది."

"ఎట్లుంటుండె?"

"పొడుగు. నిచ్చెన లేకుంటనే సగం గోడ ఏసేటోడు." జైతున్ బీ కొంగులో నవ్వింది, కొంగులోనే ఏడ్చింది. "గీ నీలం సుక్కలు జూస్తివా, షాలిబండల పెళ్ళిల్లు. గీ పచ్చవి దర్గా గోడ. పసుప్పచ్చవి ఏడివో తెల్వదు. నన్నడిగితే ఏం జెప్పాలె, ఆయన పోయిన ఇండ్లన్ని నాకు జెప్పి పోయిండా?"

జైతున్ బీ వెళ్ళాక ఆగమ్మ కుట్టడం మొదలుపెట్టింది. వేగంగా కుట్టాలంటే కుదరలేదు. ఆ చొక్కాల నిండా సున్నపు చుక్కలు, రంగు చుక్కలు. ఎండి రాళ్ళయి ఉన్నాయి. సూది సాఫీగా పోతూ పోతూ ఒక చుక్క దగ్గర టక్కున ఆగుతుంది. పక్కకు జరపాలి, లేదా బొటనవేలితో నొక్కి, ఓపిక పట్టి దింపాలి. ఆగిన ప్రతిసారీ ఆమెకు ఒక గోడ కనిపించసాగింది. నీలం గోడ, దాని వెనక ఎవరిదో పెళ్ళి. పచ్చ గోడ, దాని నీడన ఎవరో ముసలాయన. పసుప్పచ్చ చుక్క దగ్గర ఎక్కువసేపు ఆగింది. ఆ ఇల్లెక్కడో జైతున్ బీకే తెలియదు. ఆ గోడ లోపల ఎవరుంటారో? తలుపు కొంచెం తెరిచి ఉన్నట్టుంది. లోపల ఎవరో బిందె దించారు. పాప ఎవరో ఏడ్చి ఊరుకుంది. ఆగమ్మ ఒక గోడ నుంచి ఇంకో గోడకు, ఒక గల్లీ నుంచి ఇంకో గల్లీకి, తను ఎప్పుడూ అడుగుపెట్టని ఇళ్ళ మధ్య, చేతిలో దారంతో నడుస్తూ పోయింది. ముందెక్కడో పొడుగాటి మనిషి ఒకడు బకెట్ పట్టుకుని వెళ్తున్నాడు. గోడలు ఒక్కొక్కటే తెల్లగా వెలుగుతున్నాయి.

"గీయన గిప్పుడు ఏడున్నడో నాకెర్కలే," అంది ఆగమ్మ. "నీకెర్కె. జైతున్ బీకి రాత్రి నిద్రలేదు, జర సూడు. గీ పసుప్పచ్చ ఇంటోళ్ళను గూడ. ఎవలో ఏమో."

అని, సూది లాగింది. కొంతసేపటికి గాని తను మాట్లాడానన్న సంగతి ఆమెకు తట్టలేదు. తట్టాక తలెత్తి చూడటానికి భయపడింది. చూస్తే మళ్ళీ ఉత్త గది అవుతుందేమో. అందుకని చూడకుండా అలాగే కుట్టింది. ఆ గదిలోకి ఎవరో వచ్చారని రుజువు చూపమంటే చూపలేం. వెలుగు కడ్డీ నేల దాటి గోడెక్కిపోయింది, ఆమె గమనించలేదు. మన దగ్గరున్నది అదొక్కటే.

ఆ బొంత జైతున్ బీ ఇంటికి చేరిన కొన్నాళ్ళకు, ఆగమ్మ గడప దగ్గర సుందరమ్మ ప్రత్యక్షమైంది. ప్రధానం నాటి తర్వాత మాట్లాడటం ఇదే. లోపలికి రాలేదు, కూర్చోలేదు.

"రాహేలుకు నెలలు నిండవట్టినయ్. కాళ్ళు పొంగినయ్. డాక్టరమ్మ పైలమన్నది. దవాఖానల నేను గిట్లాంటోళ్ళను శానమందిని జూసిన ఆగమ్మా. నాకు తెల్వదా గది ఏందో?" గట్టి గొంతు మధ్యలో విరిగింది. "నీ నోట్లకెళ్ళి పడ్డ మాట అది. నువ్వే వాపస్ దీస్కోవాలె. అప్పుడు జేసినవ్ సూడు, గంత పెద్ద ప్రార్థన, గంతకన్న పెద్దది జెయ్యి."

తల్లి వెనకే రాహేలు రిక్షాలోంచి దిగి నిలబడి ఉంది. ముఖం ఉబ్బి, కళ్ళు చిన్నవైపోయి. ప్రధానం రోజు చూసిన చూపే ఇప్పటికీ చూస్తోంది.

పెద్ద ప్రార్థన అంటే ఆగమ్మ నోట్లో వరసగా సిద్ధంగా ఉంది, 'కృపగల మా పరలోకపు తండ్రీ' అంటే చాలు, బండి కదులుతుంది. సుందరమ్మ ఏడుస్తుంది, తేలికపడి వెళ్తుంది. కానీ ఆ బండి ఎటు పోతుందో ఆగమ్మకు తెలుసు. మొన్ననే, ఇన్నాళ్ళకు, ఎవరో తలుపు దగ్గరిదాకా వచ్చారు. ఇప్పుడు ఆ మాటలు మొదలుపెడితే వచ్చినవాళ్ళు మళ్ళీ వెళ్ళిపోతారేమోనన్న భయం ఆమెకు. మొదలుపెట్టకపోతే ఎదురుగా ఈ పిల్ల.

"మూట ఏది?" అంది.

"ఏం మూట?"

"పుట్టెటోనికి బొంత వద్దా? పాత బట్టలు తేలేదా?"

సుందరమ్మ చంకలోది తీసి ఇచ్చింది. తెచ్చింది గానీ ఇవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయిందన్నమాట. ఆగమ్మ విప్పింది. పైన ఒక గౌను ఉంది, వెలిసిపోయిన గులాబీ రంగు.

"గిది ఎవలది?"

"నీకు తెల్వదా? రాహేలుది. జ్వరమొచ్చినప్పుడు గిదే ఏసుకున్నది."

ఆగమ్మ రాహేలును రమ్మని, పక్కన కూర్చోబెట్టుకుని, గౌను అంచు ఒక చేత్తో, ఆ పిల్ల చెయ్యి ఒక చేత్తో పట్టుకుంది. కళ్ళు మూసుకోలేదు.

"దేవా, గీ పిల్ల రాహేలు. నీకెర్కె. కాళ్ళు పొంగినయ్. దీనికి భయమైతున్నది, వాళ్ళమ్మకు భయమైతున్నది, నాక్కూడ. నేను ఆ దినం మంచిగ మాట్లాడలే. దగ్గరుండు. ఆమేన్."

గల్లీలో మేక ఒకటి గొంతు సవరించుకుంది. సుందరమ్మ ఇంకా కళ్ళు మూసుకునే ఉంది, మొదలవుతుందేమోనని. చివరికి ఒక కన్ను తెరిచింది.

"గింతేనా?"

"గింతే."

"గిందుకా రిక్షా గట్టుకోని ఒచ్చింది! గీమాత్రం నాకు రాదా?"

"వస్తది సుందరక్కా. నువ్వు గూడ జెయ్యి."

సుందరమ్మ ఇంకేదో అనబోయింది. రాహేలు నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది కాబోలు, తల్లి అటు తిరిగి చూసి, నోరు మూసుకుని, గడప దాటి లోపలికి వచ్చి కూలబడింది. కాసేపటికి చెయ్యి చాపింది. "సూది ఇయ్యి ఇటు. నువ్వు గా దిక్కు కుట్టు, నేను గీ దిక్కు కుడత."

రాహేలుకు కాన్పు కష్టమే అయింది. ఆపరేషను చేయవలసి వచ్చింది. తల్లీ బతికింది, ఆడపిల్లా బతికింది. సుందరమ్మ ఆ ఆదివారం లేచి సాక్ష్యం చెప్పింది. డాక్టరమ్మను మెచ్చుకుంది, నర్సును మెచ్చుకుంది, రక్తమిచ్చిన అల్లుణ్ణి మెచ్చుకుంది. ఆగమ్మ పేరు ఎత్తలేదు. అంత పొట్టి ప్రార్థనకు ఇంత పని జరిగిందని చెబితే ఎవరు నమ్ముతారు?

సంఘంలో ఆగమ్మ పేరు మళ్ళీ లేవలేదు. కూడికలో ఎప్పుడైనా మొహమాటానికి ప్రార్థించమంటే రెండు మాటలు అని కూర్చునేది. పాపం, ఒకప్పుడు ఎట్లా చేసేది, ఎండిపోయింది అనుకునేవారు ఆడవాళ్ళు. ఎండిపోయినన్నాళ్ళూ వాళ్ళు కొంగులు తడుపుకున్నారు. ఇప్పుడు జాలిపడుతున్నారు. ఆగమ్మ ఈ లెక్క సరిచేయడానికి ఎప్పుడూ పూనుకోలేదు. అయ్యగారు మాత్రం ఆమె ప్రార్థించిన రోజున కళ్ళు తెరిచి ఆమెవైపు చూసేవారు.

ఒక మధ్యాహ్నం భిక్షపతి డ్యూటీ దిగి వచ్చి, సుత్తి మూలన పెట్టి, చాప మీద ఒరిగాడు. ఇంట్లో పొగ దిగింది. వెలుగు కడ్డీలు నిలబడ్డాయి. ఆగమ్మ ఒళ్ళో ఎవరిదో చిరిగిన ఖాకీ చొక్కా ఉంది. ఆమె పెదవులు కదులుతున్నాయి, ఒకచోట చిన్నగా నవ్వింది కూడా.

"ఎవలతోని మాట్లాడుతున్నవే?"

"నీతోని కాదు తియ్," అంది ఆగమ్మ. "నువ్వు పండుకో."

భిక్షపతి అటు తిరిగి పడుకున్నాడు.